పద్నాలుగో క్లాజు

పీణ్య రెండో స్టేజీలో మా షెడ్డు.
ఆరు లేతు మెషీన్లు, ఒక పిల్లి.
వైట్‌ఫీల్డు అద్దాల మేడ నుంచి వచ్చింది అగ్రిమెంటు,
నలభై ఆరు పేజీలు, పేజీకో మూల నా పొట్టి సంతకం.
ఆ ఏసీ గదిలో వేళ్ళు కొంకర్లు పోయి
చివరి పది సంతకాలు ఇంకెవరో పెట్టినట్టున్నాయి.

పద్నాలుగో క్లాజు వాళ్ళ లాయరమ్మ చదివి వినిపించింది.
భూకంపం, వరద, యుద్ధం, దైవఘటన,
ఇవి తప్ప మరే కారణానా సరుకు ఆలస్యం కాకూడదు.
అందులో లేనివి నేను
బల్ల కింద వేళ్ళ మీద లెక్కేసుకున్నాను.
బెస్కాం వాళ్ళు చెప్పకుండా తీసే కరెంటు.
ఛఠ్ పండక్కి ఊరెళ్ళి
దీపావళి బోనసుతో సహా మాయమైన బిహారు కుర్రాళ్ళు.
గొరగుంటెపాళ్య దగ్గర తెల్లారేదాకా నిలబడిపోయిన టెంపో.
లైన్‌మన్ బసవరాజు కూతురి నామకరణం.
దేవుడు చేసిన పనికి మాఫీ ఉంది,
బసవరాజు చెయ్యని పనికి లేదు.

సరే, మేం సరుకు పంపాం. చెప్పిన తేదీకే.
నలభై ఐదు రోజులకు డబ్బు, అది ఇరవై రెండో క్లాజు.
నలభై ఆరో రోజు ఫోన్ చేస్తే
"మేడం, పోర్టల్‌లో పెండింగ్ చూపిస్తోంది."
రెండొందలో రోజూ అదే గొంతు, అదే పోర్టల్.
ఆయనెవరో నేనెప్పుడూ చూడలేదు.
ఆయనకూ ఒక కూతురుంటే
నామకరణానికి వెండిగిన్నె పట్టుకు వెళ్ళేదాన్ని.

లాయరు నంజుండప్ప కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"కేసు గట్టిదమ్మా. గెలుస్తావు.
డబ్బు మాత్రం నీ మనవడు తీసుకుంటాడు.
పైగా పంచాయితీ సింగపూరులో అని రాశారు, చూశావా?"
చూళ్ళేదు.
అది నా వేళ్ళు కొంకర్లు పోయిన పేజీ.

ఆ నెలలోనే ఇత్తడి కిలోకు నూటపది పెరిగింది.
కలాసిపాళ్యం గౌస్ సాబ్ మూడొందల కిలోల రాడ్డు
పాత ధరకే పంపాడు.
కాగితం లేదు. టీకొట్టు దగ్గర నిలబడి అన్న ఒక్క మాట.
ఎందుకు సాబ్ అంటే,
తొంభై నాలుగు గలాటాలో తన సరుకంతా
మా నాన్న పదకొండు రోజులు షెడ్డులో దాచాడట,
రసీదు అడగలేదట, ఇవ్వలేదట.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
మాటే గొప్పదని చెప్పి
నలభై ఆరు పేజీలూ పిల్లి కింద పరిచేదాన్ని.

గౌస్ సాబ్ మొన్న వానల్లో పోయాడు.
నలభయ్యో రోజు దాటాక కొడుకు తన్వీర్ వచ్చాడు,
బీకాం చదివినవాడు, నెమ్మదస్తుడు.
"అక్కా, మీరు అడ్వాన్సిచ్చినట్టు
అబ్బా ఎక్కడా రాసుకోలేదు."
రెండు లక్షల అరవై వేలు.
అబద్ధం కాదు, వాడికి నిజంగానే తెలీదు.
లెక్కంతా గౌస్ సాబ్ గొంతులో ఉండేది.
నా దగ్గరేముంది చూపించడానికి?
ఆ టీకొట్టు కూడా మెట్రో పనుల్లో పోయింది.

ఆ డబ్బు సంగతి ఇంకా తేలలేదు.
కానీ రాడ్డు కావాలి నాకు, అమ్మాలి వాడికి.
నిన్న లేతు పక్కన స్టూలు మీద కూర్చుని
ఒక తెల్ల కాగితం తీశాం.
ధర రాశాడు. తేదీ రాశాడు.
ధర పెరిగితే చెరిసగం, అదీ రాశాడు.
నేనన్నాను: కరెంటు పోయినా, కుర్రాళ్ళు రాకపోయినా,
డబ్బు చేతిలో లేకపోయినా
ఫోన్ ఎత్తాలి. ఇద్దరమూ.
తల వంచుకుని రాశాడు, బుద్ధిగా, నంబరు వేసి.
తర్వాత పెన్ను ఆపి అడిగాడు,
"ఎత్తకపోతే?"

టీ మీద మీగడ కట్టింది.
మూడో మెషీను మీద ఎవరో దారం కోస్తున్నారు,
సన్నగా, ఆగకుండా కీచుమంటోంది.
ఆ లైను పక్కన ఖాళీ వదిలెయ్యమన్నాను.
వదిలాడు,
రెండు వేళ్ళంత.